ఎస్ఆర్‌సి ఫోల్డర్‌లో ఏది ఎక్కడ పెట్టాలి

చిన్నూ, అమ్ములూ,

మొన్న అడిగారుగా, పెదనాన్నా ఆఫీసులో జావా సర్వీస్ ప్రాజెక్ట్ ఇచ్చారు, తెరిస్తే ఫోల్డర్లో ఫోల్డర్, దాంట్లో ఇంకోటి, ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు అని. ఫోన్లో చెప్తే బుర్రకెక్కదు, ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని ఇది చదవండి.

ముందు పామ్ డాట్ ఎక్స్ఎంఎల్ తెరవండి. అది ఉందంటే మావెన్ ప్రాజెక్ట్ (మావెన్ అంటే కోడ్‌ని బిల్డ్ చేసే టూల్), ఏ లైబ్రరీ ఏ వెర్షన్ కావాలో అన్నీ అందులోనే ఉంటాయి. గ్రేడిల్ అని అలాంటిదే ఇంకో టూల్ అయితే ఆ ఫైల్ మారుతుంది గానీ సోర్స్ ఫోల్డర్లు అవే, కాబట్టి ఒక్కటి బాగా తెలుసుకుంటే రేపు వేరే కంపెనీకెళ్ళినా తడుముకోరు.

మన కోడ్ ఎస్ఆర్‌సి (అంటే సోర్స్), దాంట్లో మెయిన్, దాంట్లో జావా, అక్కడుంటుంది. దాని కింద కామ్, ఎగ్జాంపుల్, ఆర్డర్స్ అని ఫోల్డర్లు కనిపిస్తాయి చూడండి, ఈ దారినే ప్యాకేజ్ అంటారు, అది కంపెనీ వెబ్‌సైట్ పేరు తిరగేసి రాయడం, ఇంకొకళ్ళ క్లాసులతో మన పేర్లు కలిసిపోకుండా. జావా సర్వీసులు రాయడానికి వాడే స్ప్రింగ్ బూట్ అయితే, ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ క్లాస్ ఆ ఆర్డర్స్‌లోనే పెట్టండి, ఎందుకంటే స్ప్రింగ్ బూట్ మామూలుగా ఆ క్లాస్ ఉన్న ప్యాకేజ్‌లోనూ దాని కిందా మాత్రమే వెతుకుతుంది, బ్రౌజర్ నుంచి వచ్చే రిక్వెస్టులు అందుకునే కంట్రోలర్‌ని దాని బయట పెట్టారనుకోండి, సర్వీస్ ఏ ఎర్రర్ లేకుండా స్టార్ట్ అవుతుంది, బ్రౌజర్లో కొడితే మాత్రం 404, అంటే ఆ పేజీ లేదంటుంది. ఇక కంట్రోలర్, సర్వీస్ (అసలు పని చేసే కోడ్), రిపాజిటరీ (డేటాబేస్‌తో మాట్లాడేది) అని మూడు ఫోల్డర్లు చేస్తారు చాలామంది, చిన్నవాటికి సరిపోతుంది, పెద్దవాటికి మాత్రం ఆర్డర్, పేమెంట్, డెలివరీ అని పనిని బట్టి విడగొట్టడమే నాకిష్టం, పేమెంట్లో తేడా వస్తే ఆ ఒక్క ఫోల్డర్ చూసుకుంటే చాలు.

ఇప్పుడు మెయిన్‌లోనే జావా పక్కన ఉండే రిసోర్సెస్ ఫోల్డర్ దగ్గర బాగా ఆగండి. అప్లికేషన్ డాట్ ప్రాపర్టీస్, కోడ్ చదువుకునే సీఎస్వీలు, డేటాబేస్ మార్పులు వరుసగా నడిపే ఫ్లైవే వాడితే వి1, వి2 అని మొదలయ్యే డేటాబేస్ స్క్రిప్టులు ఇక్కడుంటాయి. ఒకసారి నేను పన్ను రేట్ల సీఎస్వీని ఇక్కడే పెట్టి, కోడ్‌లో మాత్రం ఎస్ఆర్‌సి నుంచి మొదలుపెట్టి మొత్తం దారి రాసేశా. నా మెషీన్లో చక్కగా నడిచింది, సర్వర్లో ఫైల్ లేదంది. రాత్రి రెండింటిదాకా కూర్చుంటే అప్పుడు వెలిగింది, సర్వర్‌కి వెళ్ళేది జార్, అంటే బిల్డ్ చేస్తే వచ్చే ఫైల్, అదొక్కటే కదా, అక్కడ ఎస్ఆర్‌సి అనే ఫోల్డరే ఉండదు! రిసోర్సెస్‌లో ఉన్నవి జార్ లోపలికి వెళ్ళిపోతాయి, వాటిని క్లాస్‌పాత్ నుంచే, అంటే జావా క్లాసులూ ఫైళ్ళూ వెతుక్కునే చోటు నుంచే చదవాలి.

ఎస్ఆర్‌సి కింద టెస్ట్, దాంట్లో జావాలో కూడా అవే ప్యాకేజ్ పేర్లు పెట్టండి, ఆ కోడ్ జార్‌లోకి వెళ్ళదు కాబట్టి ఎన్ని టెస్టులు రాసినా బరువు కాదు. బిల్డ్ చేసినప్పుడు జార్ వచ్చి పడే టార్గెట్ ఫోల్డర్లో ఏమీ దాచుకోవద్దమ్మా, మావెన్ క్లీన్ కొడితే మొత్తం పోతుంది, గిట్‌లోకీ ఎక్కించొద్దు.

చదవడం అయ్యాక ఒకసారి ప్రాజెక్ట్ బిల్డ్ చేసి, టెర్మినల్లో జార్ టిఎఫ్ అని కొట్టి పక్కన ఆ జార్ పేరివ్వండి. లోపలున్న లిస్ట్ మొత్తం వస్తుంది, మీ ప్రాపర్టీస్ ఫైల్ అందులో ఎక్కడ తేలిందో చూసి నాకు మెసేజ్ పెట్టండి.

మీ పెదనాన్న