పత్తి ప్యాకెట్ మీద రేటు ఎలా పడింది?

పాటన్‌బోరి దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే అవతల ఆదిలాబాద్ జిల్లా. ఇటు యవత్మాల్ జిల్లాలో ఉన్న మా తెలుగు కుటుంబాలకు చుట్టాలు రెండు ఒడ్డుల్లోనూ ఉన్నారు. రెండు వైపులా నల్లరేగడే, రెండు వైపులా పత్తే. 2015 దాకా బీటీ (కాయతొలుచు పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తి) విత్తన ప్యాకెట్ ధర మాత్రం ఏ రాష్ట్రం ఆ రాష్ట్రమే పెట్టేది. ఆ ఏడు దేశంలో ఒకచోట 830 రూపాయలుంటే ఇంకోచోట 1,000 పలికింది. 2016లో 450 గ్రాముల బీజీ-2 (రెండో తరం బీటీ) ప్యాకెట్ అంతటా 800 అయింది. సర్కారు కనికరించిందని మా వాళ్లు అనుకున్నారు. నిజానికి ఆ తగ్గింపులో విత్తన కంపెనీల సంఘాల చెయ్యి చాలా ఉంది.

దీని మూలం 1966 నాటి విత్తన చట్టంలో ఉంది. అప్పటికి విత్తనం అంటే ఎక్కువగా సర్కారుదే. జాతీయ విత్తనాల సంస్థ 1963లో వచ్చింది, మన మరాఠ్వాడాలోని జాల్నాలో మహికో అనే ప్రైవేటు విత్తన కంపెనీ 1964లో మొదలైంది. సర్కారు నోటిఫై చేసిన, అంటే గెజిట్‌లో ప్రకటించిన రకాలకే ఆ చట్టం వర్తిస్తుంది. తర్వాత 1988 విత్తన విధానం ప్రైవేటుకు తలుపులు తీసింది. కంపెనీల సొంత హైబ్రిడ్లు చాలావరకు నోటిఫై కాకుండానే, కంపెనీ తానే నాణ్యత రాసుకున్న లేబుల్‌తో అంగడికి వచ్చాయి. ఈ ఖాళీలోనే విత్తన పరిశ్రమ పెద్దదైంది, దాని సంఘాలకూ బలం వచ్చింది.

సంఘం పని ఎలా ఉంటుందో తెలిస్తే తర్వాతి కథ అర్థమవుతుంది. ముసాయిదా బిల్లు వచ్చిన వారంలోనే సెక్షన్ల వారీగా అభ్యంతరాలు రాసి పంపడానికి దానికి మనుషులుంటారు. సాగు ఖర్చు, కూలి, ప్రాసెసింగ్ లెక్కలు కట్టి, సీజన్‌కు ముందే ధర పెంచమని ఢిల్లీకి వినతిపత్రం పెడుతుంది. కమిటీల్లో కూర్చుంటుంది, అవసరమైతే కోర్టుకెక్కుతుంది. ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. అదే ముసాయిదాను చదివి జవాబు రాసే మనిషి మా తాలూకాలో లేడు, నాకు బాధ అది.

బీటీ పత్తికి అనుమతి 2002లో వచ్చింది. 2005 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ప్యాకెట్ 1,850 రూపాయలు, అందులో బీటీ జన్యువు సొంతదారు కంపెనీకి పోయే రాయల్టీయే 1,250. ఆ రాష్ట్రం గుత్తాధిపత్యాల కమిషన్‌కు వెళ్లి 2006లో ధరను 750కి దించింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ 2007లో, మహారాష్ట్ర 2009లో పత్తి విత్తనాల ధర చట్టాలు చేసుకున్నాయి.

అసలు గొడవ పరిశ్రమ లోపలే రేగింది. రాయల్టీ భారం మోయలేమని దేశీ కంపెనీలు ఎక్కువగా ఉన్న జాతీయ విత్తన సంఘం ఎన్‌ఎస్‌ఏఐ కేంద్రానికి మొరపెట్టుకుంది. 2015 డిసెంబరులో ధర నియంత్రణ ఉత్తర్వు వచ్చింది, 2016 మార్చిలో రాయల్టీ 49 రూపాయలకు పడింది. ధర మీద చెయ్యి వేస్తే పరిశోధన ఆగిపోతుందని అవతలి పక్షం వాదించింది. విదేశీ కంపెనీలు, పరిశోధన మీద ఖర్చు పెట్టే కంపెనీలు ఎఫ్‌ఎస్‌ఐఐ పేరుతో వేరే సంఘంగా కూడాయి. 2020కి రాయల్టీ సున్నా అయింది. ప్యాకెట్ ధర మాత్రం అప్పటి 730 నుంచి 2025లో 901కి చేరింది. రాయల్టీ పోయినంత మాత్రాన రైతుకు భారం తగ్గలేదు.

కలుపు మందును తట్టుకునే పత్తి దరఖాస్తును మహికో 2016లో వెనక్కి తీసుకుంది. అనుమతి లేకపోయినా ఆ గింజలు మా ఊళ్లలోకి రాత్రిపూట వస్తూనే ఉన్నాయి. మరాఠీలో 'చోర్ బీటీ' అంటారు. బిల్లు ఉండదు, లేబుల్ నమ్మలేం. 2021లో విడిపోయిన రెండు సంఘాలూ కలిసి, అలాంటి ప్యాకెట్లు ఆ ఏడు 75 లక్షలు అమ్ముడయ్యాయని అంచనా చెప్పి చర్య కోరాయి. ఆ విషయంలో నేను వాళ్ల వైపే.

పరిహారం దగ్గర మాత్రం కాదు. ఒక ఏడు మా ఇంట్లో చల్లిన గింజలు సగం మొలవలేదు. దుకాణదారు కంపెనీ మీదికి నెట్టాడు, కంపెనీ మనిషి వాన మీదికి నెట్టాడు. మళ్లీ కొని మళ్లీ విత్తాం. రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. కానీ అంత దూరం పోవడానికి బిల్లు, ఖాళీ ప్యాకెట్, పంచనామా, ఓపిక అన్నీ కావాలి. 2023లో మహారాష్ట్ర నాసిరకం విత్తనాలకు పరిహారం, కఠిన శిక్షలు పెడుతూ బిల్లులు తెచ్చింది. అమ్మేవాళ్లను నేరస్థుల్లా చూస్తున్నారని డీలర్లు నవంబరు 2 నుంచి మూడు రోజులు కృషి సేవా కేంద్రాలు, అంటే విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణాలు మూసేశారు. బిల్లులు జాయింట్ కమిటీకి వెళ్లాయి.

కేంద్రంలోనూ ఇదే నడక. అన్ని రకాలకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసే బిల్లు 2004లో రాజ్యసభకు వచ్చి ఆగిపోయింది. 2019లో మరో ముసాయిదా, 2025 నవంబరులో ఇంకొకటి. కొత్తదాంట్లో జరిమానా 30 లక్షల దాకా ఉంది.

1966 చట్టం కింద కేంద్ర విత్తన కమిటీలోకి కేంద్రం ఎనిమిది మందిని నియమిస్తుంది. వారిలో కనీసం ఇద్దరు విత్తనం పండించేవాళ్ల ప్రతినిధులు ఉండాలి. విత్తనం కొని చల్లే రైతుకు విడిగా కుర్చీ ఉండాలని మాత్రం అందులో రాయలేదు.