ఏ కంపెనీది డాక్టర్? - పంటి ఇంప్లాంట్ల మీద అపోహలు, వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లి వైపు నుంచి నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లు ముందు అడిగేది ఇంప్లాంట్ (పోయిన పన్ను చోట దవడ ఎముకలో బిగించే మర) ఏ కంపెనీది అని. ఎముక ఎలా ఉందని అడిగేవాళ్లు అరుదు.

అపోహ: ఖరీదైన బ్రాండ్ అయితే గట్టిగా నిలబడుతుంది.

వాస్తవం: మొదటి రోజు ఇంప్లాంట్‌ని నిలబెట్టేది ఎముక పట్టే. అదే కంపెనీ, అదే సైజు ఇంప్లాంట్ ఒకే మనిషికి కింది దవడ ముందు భాగంలో బిగుసుకుంటుంది, పై దవడ వెనక భాగంలో వదులుగా ఉండొచ్చు. అక్కడ ఎముక మెత్తన. అందుకే అలాంటి చోట చివరి సైజు డ్రిల్ వాడకుండా, రంధ్రాన్ని ఇంప్లాంట్ కన్నా సన్నగా ఉంచుతాం. లేదా ఎముకను చెక్కి తీసేయకుండా పక్కలకు నొక్కే డ్రిల్స్ ఉన్నాయి, వాటిని రివర్స్‌లో తిప్పుతాం. గట్టి ఎముకలో ఈ సన్న రంధ్రం పనికిరాదు. పూర్తి సైజు దాకా డ్రిల్ చేయాలి, ఒక్కోసారి ట్యాప్ అనే పనిముట్టుతో రంధ్రం లోపల మరలు కూడా కోయాలి. లేదంటే ఒత్తిడికి ఎముక నలిగి, రక్తం సరిగా అందక కొన్నాళ్లకు కరుగుతుంది. కాబట్టి మరీ బిగించడం కూడా మంచిది కాదు.

అనంతపురం నుంచి ఒక పెద్దాయన్ని కొడుకు తీసుకొచ్చాడు. పై దవడ పన్ను. ఇంప్లాంట్ వేశాక టార్క్, అంటే అది ఎంత బిగుతుగా పట్టిందో చెప్పే కొలత, 35 న్యూటన్ సెంటీమీటర్లు రాలేదు. వెంటనే పన్ను పెట్టాలంటే నేను చూసేది ఆ అంకె. వెంటనే పన్ను పెట్టనన్నాను. "ఇంత డబ్బు పెట్టింది అందుకే కదా సార్" అని కొడుక్కి టెన్షన్. అతని బాధ నాకు అర్థమైంది. పెద్దాయనే అందుకుని, "ఏళ్ల తరబడి ఆ పన్ను లేకుండానే తిన్నా, ఇంకో నాలుగు నెలలు తినలేనా?" అన్నారు.

ఇంకో మాట. మొదటి రోజు పట్టు తర్వాతి వారాల్లో కొంత తగ్గి, కొత్త ఎముక అల్లుకున్నాక మళ్లీ పెరుగుతుంది. నొప్పి పోయింది కదా అని మూడో వారంలో చెగోడీలు కొరికేవాళ్లతోనే మాకు తంటా.

అపోహ: డ్రిల్ వేడికి ఎముక కాలిపోతుంది.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే భయం ఇది. ఎముకకు 47 డిగ్రీల వేడి ఒక నిమిషం పాటు తగిలితే దెబ్బతింటుందని 1983లోనే కుందేళ్ల మీద చూపించారు. సెలైన్ పోస్తూ, పదునైన డ్రిల్‌తో, ఆపి ఆపి చేసేది అంత వేడి రాకుండా ఉండటానికే.

నొప్పా? మత్తు ఇస్తాం. శబ్దం, అదురు మాత్రం తెలుస్తాయి.

సెకండ్ ఒపీనియన్‌కి వచ్చేవాళ్లు సీబీసీటీ స్కాన్ (దవడ ఎముకను 3డిలో చూపే ఎక్స్‌రే) ఫైల్ తెచ్చుకోండి. ఇంప్లాంట్ ఇప్పటికే వేయించుకుని ఉంటే, ఆ రోజు టార్క్ ఎంత వచ్చిందో డాక్టర్‌ని అడిగి రాయించుకోండి.