గార్వీ ఉద్యమం: ఓడల కంపెనీ నుంచి జైలు దాకా

2025 జనవరి 19న, పదవి దిగడానికి ఒక్కరోజు ముందు, అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ నల్లజాతి ఉద్యమ నాయకుడు మార్కస్ గార్వీకి, పోస్టు ద్వారా మోసం చేశారన్న పాత కేసులో క్షమాభిక్ష ప్రకటించారు. గార్వీ చనిపోయి అప్పటికే 84 ఏళ్లు. ఈ కేసు సంగతి తెలియాలంటే వందేళ్ల కిందటి హార్లెం, అంటే న్యూయార్క్‌లోని నల్లవాళ్ల పేట గురించి చెప్పుకోవాలి.

గార్వీ 1887లో జమైకాలో పుట్టారు. ప్రింటింగ్ ప్రెస్‌లో పని నేర్చుకున్నారు, కింగ్‌స్టన్‌లో ప్రెస్ కార్మికుల సమ్మెలో ముందు నిలబడ్డారు. మధ్య అమెరికాలోనూ లండన్‌లోనూ తిరిగినప్పుడు ఎక్కడ చూసినా నల్లవాళ్లే అట్టడుగున కనిపించారు. 1914లో కింగ్‌స్టన్‌లో యూనివర్సల్ నీగ్రో ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ పెట్టారు. అక్కడ అది పెద్దగా సాగలేదు. 1916లో న్యూయార్క్ చేరాక ఊపందుకుంది.

అప్పటి రోజులు అలాంటివి. 1917లో ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో మూకలు నల్లవాళ్లను చంపి ఇళ్లు తగలబెట్టాయి. ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన నల్ల సైనికులకు 1919లో ఊరూరా దాడులే ఎదురయ్యాయి. తెల్లవాళ్ల దయ కోసం ఎదురుచూడొద్దు, మన వ్యాపారం, మన పత్రిక, చివరికి మన ఆఫ్రికా మనకుండాలని గార్వీ అన్నప్పుడు జనం ఎగబడి వచ్చారంటే ఆశ్చర్యం లేదు. ఆయన పత్రిక ‘నీగ్రో వరల్డ్’ను పలు వలస ప్రభుత్వాలు నిషేధించాయి. 1920 ఆగస్టులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన మహాసభ హక్కుల ప్రకటన చేసింది, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగుల జెండాను ఆమోదించింది.

అసలు కష్టం ఓడలతో వచ్చింది. 1919లో గార్వీ పెట్టిన ఓడల కంపెనీ బ్లాక్ స్టార్ లైన్ షేరు ధర 5 డాలర్లు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, కూలీలు కూడబెట్టిన డబ్బుతో కొన్నారు. ఆ డబ్బులో 1,65,000 డాలర్లు ‘యార్మత్’ అనే పాత ఓడకు పోశారు. నా లెక్కలో అది ఘోరమైన బేరం. 1920 జనవరిలో మద్యనిషేధం అమల్లోకి వచ్చే వేళ, ఆ ఓడ విస్కీ నింపుకుని క్యూబాకు హడావుడిగా బయల్దేరింది. కొంతదూరం పోగానే ఒరిగింది. సరుకులో కొంత సముద్రంలో పారేసి వెనక్కి తిరగాల్సి వచ్చింది. చివరికి అది పాత ఇనుము కింద 1,625 డాలర్లకు పోయింది.

ప్రభుత్వం కూడా కాచుకునే ఉంది. దేశం నుంచి పంపేయడానికి గార్వీ ఇంకా ఏ చట్టమూ ఉల్లంఘించలేదే అని 1919లోనే న్యాయశాఖ అధికారి ఎడ్గర్ హూవర్ నోట్‌లో రాసుకున్నాడు. ఉద్యమంలోకి నల్లజాతి గూఢచారిని పంపారు. 1922లో పోస్టు ద్వారా మోసం చేశారంటూ గార్వీని అరెస్టు చేశారు. కంపెనీది కాని ఓడ ఫొటోపై పేరు మార్చి ప్రచార పత్రంలో వేశారన్నది ఒక ఆరోపణ. శిక్ష పడిన అభియోగానికి కోర్టులో చూపించిన సాక్ష్యం ఒక ఖాళీ కవరు. అందులో ఏముందో అందుకున్న మనిషికే గుర్తులేదు. ముగ్గురు సహనిందితులు విడుదలయ్యారు, గార్వీకి మాత్రం అయిదేళ్ల జైలు.

తప్పంతా ప్రభుత్వానిదే అనలేం. 1922లో గార్వీ అట్లాంటా వెళ్లి కూ క్లక్స్ క్లాన్ పెద్దతో మాట్లాడారు. జాతులు విడిగా ఉండాలన్న మాట దగ్గర ఇద్దరికీ కుదిరిందని ఆయన వాదన. నల్లవాళ్లను చంపే సంస్థతో ఆ మంతనాలేమిటని సొంతవాళ్లే మండిపడ్డారు. నాకూ అది క్షమించరాని పనిలాగే తోస్తుంది. ‘గార్వీ వెళ్లిపోవాలి’ అంటూ ప్రచారం మొదలైంది. ఆయన్ని విడిచిపోయిన నాయకుడు జేమ్స్ ఈసన్ 1923 జనవరిలో న్యూ ఆర్లియన్స్‌లో హత్యకు గురయ్యారు. నల్లవాళ్లు ఆఫ్రికాలోని లైబీరియాకు వెళ్లి స్థిరపడాలన్న గార్వీ పథకాన్ని 1924లో అక్కడి ప్రభుత్వమే తోసిపుచ్చింది. రెండేళ్లకు అదే దేశంలో ఫైర్‌స్టోన్ రబ్బరు కంపెనీకి పది లక్షల ఎకరాల లీజు దొరికింది.

అధ్యక్షుడు కూలిడ్జ్ 1927లో శిక్ష తగ్గించి గార్వీని దేశం నుంచి పంపేశారు. 1940లో ఆయన లండన్‌లో చనిపోయారు. 1964లో అస్థికలు జమైకాకు తెచ్చి జాతీయ వీరుడిగా గౌరవించారు. ఆయన ఉద్యమంలో పనిచేసిన ఒక ప్రచారకుడి కొడుకే తర్వాతి తరం నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్. 1957లో స్వాతంత్ర్యం వచ్చిన ఘనా తన జెండా మధ్యలో నల్ల నక్షత్రం పెట్టుకుంది, తన ఓడల కంపెనీకి బ్లాక్ స్టార్ లైన్ అనే పేరే పెట్టింది.