మురుగు, కుడితి, వ్యర్థజలం

ఖర్చు కాని బడ్జెట్ నిధులు ‘మురిగిపోయాయి’ అంటాం. గుడ్డు చెడినా అదే మాట. కదలాల్సింది కదలక, వాడాల్సింది వాడక పాడైపోవడం మురగడం. మురుగునీటికీ ఆ పేరు అందుకే సరిపోయింది.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో రైతు మురుగు అన్నాడంటే మరుగుదొడ్డి నీళ్ల గురించి కాదు. చేలో ఎక్కువై కిందికి వదలాల్సిన నీరది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. పొలాలకు నీరు తెచ్చే కాలవల మీద ఉన్న శ్రద్ధ, ఆ నీటిని బయటికి పంపే మురుగు కాలవల మీద లేకపోయింది. కోతల వేళ తుఫాను వస్తే పనలు నీళ్లలోనే మొలకెత్తేవి. చివరికి 1968లో డ్రైనేజీ సెస్సు, అంటే మురుగు కాలవల పన్ను, కోసం చట్టమే చేయాల్సి వచ్చింది. గుర్రపుడెక్క అల్లుకున్న డ్రెయిన్ గట్టున నిలబడి ‘నీరు లాగట్లేదండీ’ అనే మాట ఈనాటికీ వినిపిస్తుంది.

ఇంట్లో లెక్క వేరు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి కుడితి తొట్టిలోకి, అక్కడి నుంచి గేదె కడుపులోకి పోయేవి. జాలాడి నీళ్లు అరటిచెట్టు మొదట్లోకి. ‘వ్యర్థజలం’ అన్నది ఇంగ్లిష్ మాటకు మనవాళ్లు చేసిన అనువాదం. నన్నడిగితే అంత బాగున్న మాట కాదు, మళ్లీ వాడకముందే వృథా అని తీర్పు చెప్పేస్తుంది. 1974 నాటి జల కాలుష్య చట్టం మాత్రం ఇళ్ల మురుగును, పరిశ్రమలు వదిలే నీటిని వేర్వేరుగా నిర్వచించింది.

హైదరాబాద్‌లో ఈ కథ 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరదతో మలుపు తిరిగింది. నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద కట్టడితోపాటు డ్రైనేజీ పథకమూ ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టాక పైనుంచి వచ్చే నీరు అక్కడే ఆగింది. ఊరు పెరిగేకొద్దీ మురుగు పెరిగింది. అంబర్‌పేట లాంటి చోట్ల శుద్ధి కేంద్రాలు కట్టినా మురుగంతా వాటి దాకా చేరలేదు. దాంతో ఎండాకాలంలో మూసీలో పారేది దాదాపు నగరం వాడి వదిలిన నీరే.

కింది ఊళ్లలో ఆ నీటితోనే వరి, ఆకుకూరలు, పారాగడ్డి పండించారు. నురగ తేలే నీళ్లలో దిగితే కాళ్లు దురద పెడతాయి, అయినా వేసవిలోనూ ఆగని నీరు మరి! గడ్డిని కోసి, మోపులు కట్టి నగరంలోని గేదెల కొట్టాలకు అమ్ముతారు. ఆ పాలు మళ్లీ మన చాయ్‌లోకే వస్తాయి.