డీప్ సీటెడా, డీప్ సీడెడా?

ఇంగ్లిష్ వ్యాసాలు దిద్దడం నా పని. ఐఈఎల్‌టీఎస్‌ అనే ఇంగ్లిష్ పరీక్షకి తయారయ్యే పిల్లల కాగితాల్లో ‘డీప్ సీడెడ్ ఫియర్’ (మనసు లోతుల్లో ఉండిపోయిన భయం అని వాళ్ల ఉద్దేశం) తరచూ తగులుతుంది. ఎందుకలా రాశారంటే కారణాలు మాత్రం గట్టిగానే చెబుతారు.

అపోహ: సీడ్ అంటే విత్తనం. భయం మనసులో నాటుకుంది కాబట్టి సీడెడ్.

వాస్తవం: తెలుగువాళ్లకి ఇది సబబుగానే తోస్తుంది. మనకి పగైనా నమ్మకమైనా నాటుకునేదే, పాతుకునేదే. ఇంగ్లిష్‌లో మాత్రం అది సీటెడ్. సీట్ అంటే ఇక్కడ కుర్చీ కాదు, ఉండే చోటు. ఒంట్లో బాగా లోపలున్న గడ్డకీ నొప్పికీ డాక్టర్లు ఇప్పటికీ ఈ మాటే వాడతారు. వేళ్లే కావాలంటే డీప్ రూటెడ్ ఉంది, అర్థం దాదాపు అదే.

అపోహ: అమెరికా వీడియోల్లో సీడెడ్ అనే అంటున్నారు.

వాస్తవం: వాళ్ల నోట అచ్చుల మధ్య ‘ట’ దాదాపు ‘డ’ అయిపోతుంది. వాటర్ వాడర్‌లా, సీటెడ్ సీడెడ్‌లా వినిపిస్తుంది. అమెరికన్లే పొరబడి అలా రాస్తుంటారు. విన్నదాన్ని అర్థం కుదిరేలా మార్చుకునే ఇలాంటి తప్పులకి 2003లో జెఫ్రీ పులమ్ అనే భాషావేత్త ఎగ్‌కార్న్ అని పేరు సూచించారు. ఏకార్న్ (ఓక్ చెట్టు కాయ) అనే మాటని ఎవరో అలా రాశారట!

అపోహ: కంప్యూటర్ ఎర్రగీత పెట్టలేదు.

వాస్తవం: పెట్టకపోవచ్చు. డీప్, సీడెడ్ విడివిడిగా సరైన మాటలే. టెన్నిస్‌లో సీడెడ్ ప్లేయర్లు లేరూ?

అపోహ: గ్రామర్ ప్రకారం డీప్లీ సీటెడ్ అనాలి.

వాస్తవం: డీప్లీ ఫ్రైడ్ చికెన్ అని ఎవరూ ఆర్డర్ ఇవ్వరు కదా. అయితే డీప్లీ రూటెడ్ మాత్రం చక్కగా చెల్లుతుంది. లాజిక్ వెతక్కండి, దొరకదు.

అపోహ: భావం బలమైనదైతే చాలు, దేనికైనా వాడొచ్చు.

వాస్తవం: మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఇది ఎక్కువగా వదిలించుకోలేని వాటి పక్కన కనిపించే మాట: భయం, పగ, అపనమ్మకం, వివక్ష. ‘అమ్మమ్మ మీద డీప్ సీటెడ్ లవ్’ అంటే గ్రామర్ తప్పేం లేదు, కానీ ఆ ప్రేమ ఏదో మందులకి లొంగని జబ్బులా ధ్వనిస్తుంది. డీప్ లవ్ చాలు. గౌరవంగా చెప్పుకునే నమ్మకాలకి డీప్లీ హెల్డ్ బిలీఫ్స్, ఎప్పటినుంచో వస్తున్న అలవాట్లకి ఇన్‌గ్రెయిన్డ్, ఎవరు చెప్పినా సడలని పట్టుదలలకి ఎన్‌ట్రెంచ్డ్ నప్పుతాయి. మనిషికి మాత్రం డీప్ సీటెడ్ తగిలించకండి. అది అతని భయానికే విశేషణం. రాసేటప్పుడు మధ్యలో హైఫన్ ఉండాలి.