రైలు నీరసిస్తే పెద్ద సప్లై కొనకండి: మోడల్ రైల్వేలో అపోహలు - వాస్తవాలు

మొన్న మిర్యాలగూడ నుంచి ఒక మాస్టారు ఫోను చేశారు. మేడగదిలో మూడు గోడల వెంట హెచ్ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు) బొమ్మ పట్టాలు వేసుకున్నారు. ఇంజన్ బూస్టర్ (పట్టాలకు కరెంటు పంపే పెట్టె) దగ్గర హుషారుగా బయలుదేరుతుందట, కిటికీ మూలకు వచ్చేసరికి డీలా పడుతుందట. "ఐదు ఆంపియర్ల సప్లై చాలడం లేదండీ. పది ఆంపియర్లది తెప్పించాను, రేపు బిగించేస్తాను" అన్నారు. "బిగించకండి, నేనే వస్తున్నాను" అన్నాను. ఈ ఏడాది ఇలాంటి ఫోను ఇది నాలుగోది. జడ్చర్ల నుంచి వచ్చినా, సూర్యాపేట నుంచి వచ్చినా కథ ఒక్కటే.

అపోహ: డిజిటల్ పద్ధతికి, అంటే పట్టాల్లోంచే ఇంజన్‌కు కరెంటూ ఆదేశాలూ పంపే పద్ధతికి, రెండు తీగలు చాలు. రైలు నెమ్మదిస్తే పెద్ద సప్లై వేయాలి.

వాస్తవం: రెండు తీగలు చాలేది బల్ల మీద వేసిన చిన్న వలయానికి. గది చుట్టూ తిరిగే లేఅవుట్‌కు (మొత్తం పట్టాల అమరికకు) కాదు. మన పట్టాలు నికెల్ సిల్వర్‌వి. పేరులోనే తప్ప అందులో వెండి లేదు. అది రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. కరెంటుకు రాగి కంటే పది రెట్లకు పైగా అడ్డుపడుతుంది. దానికి తోడు ప్రతి అతుకు దగ్గరా రైల్ జాయినర్ (రెండు పట్టా ముక్కలను కలిపే రేకు) వదులవుతుంది, లోపల చిలుము పడుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద చివరి ఆయకట్టు రైతును అడగండి. కాలువ పూడిపోయినప్పుడు డ్యామ్ దగ్గర ఎంత నీరు వదిలితే మాత్రం అతని మడికి ఏం చేరుతుంది?

"మీటరు రెండు చోట్లా ఒకే వోల్టులు చూపిస్తోంది కదా" అని మాస్టారు వాదించారు. నిజమే, బూస్టర్ దగ్గర 14.6, కిటికీ దగ్గర 14.5 చూపించింది. కానీ అప్పుడు పట్టాల మీద కరెంటు తాగేది ఏదీ లేదు. నేను జేబులోంచి మోటారు సైకిల్ ఇండికేటర్ బల్బు తీశాను. 12 వోల్టులు, 21 వాట్లు. నా పరికరాలన్నింటిలో ఖరీదు తక్కువది, పనికొచ్చేది ఇదే. కిటికీ దగ్గర పట్టాలకు తగిలిస్తే గుడ్డిదీపంలా మందంగా వెలిగింది, మీటరు 9.8కి పడిపోయింది. మాస్టారు ఇక మాట్లాడలేదు.

అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. అదే చోట రెండు పట్టాల మీద ఐదు రూపాయల బిళ్ల అడ్డంగా పెట్టాను. బూస్టర్ వెంటనే ట్రిప్ కావాలి, కాలేదు. దారిలో సుమారు మూడు ఓమ్‌ల నిరోధం ఉంటే షార్ట్ అయినా ఐదు ఆంపియర్లు దాటవు, కాబట్టి బూస్టర్‌కు అది షార్ట్‌లా కనిపించదు. ఈలోగా సుమారు 70 వాట్ల వేడి అతుకుల్లో, పట్టాల్లో, చక్రాల్లో పుడుతూ ఉంటుంది. మనం వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. పది ఆంపియర్ల సప్లై పెట్టారనుకోండి, ట్రిప్ కాని చోట్లు ఇంకా పెరుగుతాయి.

ఈ తప్పు నేనూ చేసినవాణ్నే. మహబూబ్‌నగర్ స్టేషన్‌లో మీటర్ గేజ్ బళ్లు చూస్తూ పెరిగాను. ఆ మమకారంతో వైడీఎం-4 అనే మీటర్ గేజ్ డీజిల్ ఇంజన్ నమూనా ఒకటి చేత్తో చేసుకున్నాను. స్కేలు ప్రకారం దాని గేజు 11.5 మిల్లీమీటర్లు ఉండాలి, నా పట్టా 16.5. ఈ లెక్క తీసేవాళ్లకు మా ఇంట్లో టీ ఇవ్వను. ఆ ఇంజన్ ఒక రోజు పాయింట్ (దారి చీలే చోటు) మీద పట్టా తప్పింది. పెద్ద సప్లై ట్రిప్ కాలేదు. నేను కింద భోజనం చేసి వచ్చేసరికి ఇంజన్ కింది చక్రాల చట్రం కాలిన అప్పడంలా వంకర తిరిగి ఉంది.

చేయవలసిన పని చిన్నదే. బల్ల కింద 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు రెండు, ఎరుపు, నలుపు, లేఅవుట్ పొడవునా లాగండి. మీటరు పొడవుకు ఒకటి చొప్పున పొట్టి ఫీడర్ తీగలు ప్రతి పట్టాకూ సోల్డర్ చేసి, ఆ రాగి తీగలకు కలపండి. ఏ పట్టా ముక్కా జాయినర్ మీదే ఆధారపడకూడదు. తర్వాత బిళ్ల పరీక్ష అడుగడుక్కీ చేయండి.

అలాగని అతుకులన్నీ సోల్డర్ చేయకండి. మన మేడగదులు మే నెలలో కొలుములే. పది మీటర్ల పట్టా 25 డిగ్రీల తేడాకు సుమారు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. సందు లేకపోతే పట్టా పక్కకు ఉబుకుతుంది. కింది చెక్క కూడా వానాకాలంలో తేమ పీల్చి కదులుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పట్టాలను గరుకు కాగితంతో రుద్దితే శుభ్రపడతాయన్నది అపోహ. ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలుగుడ్డ చాలు. రైలు వెనక్కి తిరిగి వచ్చే లూపులో షార్ట్ వస్తే బూస్టర్ పాడైనట్టు కాదు. ఎడమ పట్టా కుడి పట్టాను కలుస్తోంది, అంతే. ఆ లూపును రెండు చివరలా విడదీసి ఆటో రివర్సర్ (ధ్రువాలను తనంతట తానే తారుమారు చేసే పరికరం) పెట్టండి.

పిల్లలు పట్టాలు ముట్టుకుంటే ఏమవుతుందోనని అడిగే తల్లులను మాత్రం నేను విసుక్కోను. పట్టాల్లో ఉండేది 15 వోల్టుల చుట్టుపక్కలే, షాక్ కొట్టదు. భయపడవలసింది గోడ ప్లగ్గులోని 230 వోల్టులకు. సప్లైని బల్ల కింద కాకుండా పిల్లలకు అందని చోట బిగించి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించండి.

మాస్టారి ఇంట్లో ఫీడర్లు వేయడానికి మా ఇద్దరికీ రెండు ఆదివారాలు పట్టింది. బల్బు పెట్టి చూస్తే కిటికీ దగ్గర ఇప్పుడు 14.1. బిళ్ల పెట్టగానే బూస్టర్ టక్కున ఆగింది. "మరి ఆ పది ఆంపియర్ల పెట్టె?" అని అడిగారు, వెనక్కి తీసుకోరట. దానికి ఫ్యూజులు వేసి స్టేషను దీపాలకు ఇచ్చేశాం.