ఈఎస్ఐ సిక్ సర్టిఫికెట్ లీవ్ లెటర్ కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

"అన్నా, కాగితం ఇచ్చి నలభై రోజులాయ. ఒక్క రూపాయి పడలేదు."

తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీల పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల బీమా) పనులు చూస్తాను. ఈ మాట వినని నెల లేదు. కాగితం ఎవరికిచ్చినావని అడిగితే చాలాసార్లు ఒకటే జవాబు: "సూపర్‌వైజర్‌కన్నా."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. డాక్టరు రాసిచ్చిన సిక్ సర్టిఫికెట్‌ను లీవ్ లెటర్ అనుకుంటున్నారు. సిక్ డబ్బులు, అంటే జబ్బుతో పనికి పోలేని రోజులకు కూలి బదులు వచ్చేవి, ఇచ్చేది ఫ్యాక్టరీ కాదు, ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసు. ఒరిజినల్ అక్కడికే చేరాలి. ఫ్యాక్టరీకి జిరాక్స్ చాలు.

కామెర్లతో పన్నెండు రోజులు మంచాన పడిన ఒక పాలిషింగ్ కార్మికుడి కోసం నేనే ఫ్యాక్టరీకి వెళ్లాను. గంటసేపు వెతికితే అతని సర్టిఫికెట్ గేటు దగ్గర గదిలో, పాత హాజరు పుస్తకంలో దొరికింది. నాలుగు మడతలు, అంచుల నిండా బండల పొడి, మధ్యలో డాక్టరు సీలు చెక్కుచెదరకుండా ఉంది. ఎవరూ కావాలని దాచలేదు. దాన్ని పంపాలని అక్కడ ఎవరికీ తెలియదు, అంతే. అతని సగటు రోజు కూలి 600. అందులో 70 శాతం, అంటే రోజుకు 420. మొదటి రెండు రోజులకు రాదు కాబట్టి పది రోజులకు 4,200. మందులకు అప్పు చేసిన ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

సర్టిఫికెట్ రాసిన మూడు రోజుల్లోగా ఆఫీసుకు చేరాలన్నది నిబంధన. ఆలస్యమైతే మాత్రం ఆశ వదులుకోవద్దు. సరైన కారణం ఉంటే సడలించే అధికారం వాళ్లకుంది. ఆ పాలిషింగ్ కార్మికుడి చేత ఎందుకు ఆలస్యమైందో ఉన్నదున్నట్టు రాయించి జతచేశాం, డబ్బు పడింది. కాగితం అసలే దొరకకపోతే టెన్షన్ పడకుండా రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లి డూప్లికేట్ అడగండి. తేదీలు మీరే దిద్దడం, వైట్‌నర్ పూయడం మాత్రం వద్దే వద్దు. డాక్టరు చేతి నుంచి తీసుకోగానే రెండు వైపులా ఫోటో తీసుకోండి. ఆఫీసులో ఇచ్చేటప్పుడు జిరాక్స్ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

"ఏజెంటుకు కమిషన్ ఇస్తేనే ఫైలు కదులుతుంది" అన్న పుకారు వింటే నాకు ఒళ్లు మండుతుంది. జబ్బు మనిషి దగ్గర తీసుకునే ఆ డబ్బుకు ఏ నిబంధనా లేదు. ఇవ్వకండి.

అడిగితే పనిలోంచి తీసేస్తారని కొందరు, ముఖ్యంగా ఆడవాళ్లు, భయపడి ఊరుకుంటారు. ఆ భయం నాకర్థమవుతుంది. కానీ సిక్ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో పనిలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు.

చేరిన నెలకే వస్తుందనుకోవద్దు, ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల ఈఎస్ఐ చందా పడి ఉండాలి. ఏడాదికి 91 రోజుల వరకే ఇస్తారు. టీబీ లాంటి దీర్ఘకాల జబ్బులకు వేరే లెక్క, 80 శాతం. ప్రైవేటు ఆసుపత్రి చీటీ ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా ఈఎస్ఐ డిస్పెన్సరీలో చూపించండి.

అన్నీ సరిగ్గా ఇచ్చినా డబ్బు పడలేదంటే బ్యాంకు వివరాలు చూడండి. మన దగ్గర చాలామందికి ఖాతా ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఈఎస్ఐలో ఇచ్చిన ఐఎఫ్ఎస్‌సీ కోడ్ పాతదేమో బ్రాంచ్‌లో అడిగి, కొత్త పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చి రండి.